నీలాడ అమ్మవారు వాకిట ఎందుకు కూర్చుంది

నీలాడకు వచ్చే భక్తులు ముందుగా గర్భగుడిలోకి తొంగి చూస్తారు. లోపల దీపం వెలుగుతూ ఉంటుంది. నల్లరాతి పీఠం ఉంటుంది. దాని మీద తుప్పు పట్టిన కత్తి ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. అమ్మవారు మాత్రం ఉండదు.

కొత్తగా వచ్చినవారు తెల్లబోతారు. ఊరేగింపుకు తీసుకువెళ్ళారేమో అనుకుంటారు. పూజారిగారికి ఈ ముఖాలు అలవాటే. "అమ్మను దాటుకుని వచ్చేశారు తల్లీ, ఒకసారి వెనక్కి తిరగండి" అంటారు.

తిరిగి చూస్తే, గడప బయట, పై మెట్టు మీద, ఎండావానా తగిలేచోట అమ్మ కూర్చుని ఉంటుంది. ఒక కాలు మడుచుకుని, ఒక మోకాలు నిలబెట్టుకుని, కుడి అరచేయి కనుబొమల మీద అడ్డం పెట్టుకుని దూరానికి చూస్తూ ఉంటుంది. ఒళ్లో నూనె ప్రమిద. చేతిలో ఆయుధం లేదు. తలమీద కిరీటం లేదు. రావలసినవాళ్ళు ఇంకా రాలేదని వాకిట్లోకి వచ్చి కూర్చున్న ఇల్లాలు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందుకే ఆమెను వాకిటి తల్లి అంటారు.

అమ్మ చూసేది ఎదురుగా ఉన్న కోటదిబ్బను. ఇప్పుడు అక్కడ కోట లేదు. సీతాఫలం పొదలు, మేకలు, రెండు రాతి ద్వారబంధాలు మిగిలాయి. బస్సు దిగి గానుగవీధి మీదుగా నడిచి వస్తే ముందు ఆ ద్వారబంధాలు కనబడతాయి. అక్కడి నుంచి తిన్నని బాట. బాట చివర అమ్మ. కోట వాకిలికీ గుడి వాకిలికీ మధ్య ఇల్లు గాని, గోడ గాని, పందిరి గాని వేయకూడదని ఈ ఊరి కట్టడి. ఇంతవరకు ఎవరూ వేయలేదు.

గుడి ముందు స్తంభాలకు గుడ్డపీలికలు కట్టి ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దని భక్తులకు మనవి. ఎందుకో ఈ కథ చివర తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ అమ్మవారు లోపలే ఉండేది. అప్పటి పేరు కోటపాలమ్మ. పీఠం మీద నిలబడి, కత్తి చేతపట్టి, కోటకు కాపుగా ఉండేది. కోటలో నీలాడ రాజులు ఉండేవారు. వారిలో రణకేసరి అనే రాజు కాలంలో ఈ సంగతి జరిగింది.

రణకేసరి చెడ్డరాజు కాడు. ఇది ముందే చెప్పుకోవాలి. కరువు వచ్చినప్పుడు కోట పాతరలు తెరిచి ధాన్యం పంచినవాడు. పాతర అంటే ధాన్యం దాచడానికి నేలలో లోతుగా తవ్వే గొయ్యి. పైన రాతి మూత ఉంటుంది. ఆయనే దగ్గరుండి ఆ మూతలు తీయించేవాడని ఇప్పటికీ చెబుతారు.

అయితే ఆ రోజుల్లో రాజు నోట ఏ మాట వస్తే అదే న్యాయం. ఎందుకని అడగడం లేదు. ఎన్నాళ్ళని అడగడం లేదు. కోపంలో అన్నాడా, విసుగులో అన్నాడా అని చూడడం లేదు. మాట బయటికి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవలసినది కూడా రాజే. ఆయన తీసుకోకపోతే అది అలాగే ఉండిపోయేది.

కోట కింద గానుగవీధిలో సూరమ్మ అనే ఆమె ఉండేది. భర్త పోయాడు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. ఆఖరున పుట్టినవాణ్ణి చేటెడు తవుడులో పడుకోబెట్టి, ఆ తవుడు ఖరీదుకే పొరుగింటామెకు అమ్మేసి, మళ్ళీ అడిగి తెచ్చుకుంది. అలా చేస్తే మృత్యువు ఆ బిడ్డను విలువలేనివాడని వదిలేస్తుందని తల్లుల నమ్మకం. తవిటయ్య అని పేరు పెట్టింది. వాడు నిలిచాడు. ఎదిగి గానుగ అందుకున్నాడు. మాటకారి. ఎద్దుతో కూడా పరాచికాలాడేవాడు.

వారి గానుగ నూనె ముందు అమ్మవారి దీపానికి వెళ్ళేది. తరువాత కోటకు.

ఒక విజయదశమి ఉదయం తవిటయ్య కోటకు నూనెకుండ ఎత్తుకున్నాడు. ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతూనే ఉంది. తల తిరగకుండా గానుగెద్దుకు కళ్ళకు గంతలు కడతారు. ఆ గంతలు కట్టేదీ విప్పేదీ తవిటయ్యే.

"ఓలమ్మా, గంతలు నువ్విప్పకు. నానొచ్చి ఇప్పుతాను. కళ్ళు తెరవగానే నీ ముకం కనబడితే ఎద్దు జడుసుకుంటాది" అన్నాడు.

"ఆహా, నీ ముకం సూత్తే పాలిత్తాది మరి" అంది సూరమ్మ.

వాడు నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ నవ్వు వీధి మలుపు దాకా వినిపించింది.

అదే ఉదయం రణకేసరి దండయాత్రకు బయలుదేరాడు. ప్రయాణానికి నూనెకుండ ఎదురు రాకూడదని అప్పటివారికి ఒక పట్టింపు ఉండేది. రాజు కదిలే ముందు వీధిలో దండోరా వేయించి అందరినీ పక్కకు తప్పించేవారు. ఆ రోజు పండుగ సందడిలో దండోరా వేయడం మరిచారు. కోట తలుపులు తెరిచేసరికి ఎదురుగా తవిటయ్య. తలమీద కుండ. తప్పుకుందామంటే అటు ఏనుగు, ఇటు గోడ.

పరివారమంతా ఆగిపోయింది. రాజుకు చిరాకు వేసింది. "నేను చెప్పేదాకా వీణ్ణి మూసిపెట్టండి" అన్నాడు. లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాడు. అపశకునానికి అది విరుగుడు.

బంట్లు తవిటయ్యను కుండతో సహా పెరట్లో వాగు ఒడ్డున ఉన్న ఒక ఖాళీ పాతరలోకి దించి మూత పెట్టారు. గాలి ఆడడానికి మూతకు జానెడు సందు ఉంచారు. రాజు ఊరి పొలిమేర దాటేసరికి ఆ మాట మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఎద్దు గంతలు సూరమ్మే విప్పింది.

మర్నాడు ఆమె కోట వాకిటికి వెళ్ళింది. అక్కడ కావలివాడు లింగన్న. ఆమెకు వరుసకు తమ్ముడు.

"ఏ తప్పు సేసాడురా తమ్ముడూ?"

"తప్పేటీ లేదక్కా."

"మరెందుకు మూసీసారు?"

"రాజుగారి మాటుంది."

"ఎన్నాళ్ళు?"

లింగన్నకూ తెలియదు. అది ఎవరూ అడగలేదు.

ఆనాటి నుంచి సూరమ్మ రోజూ చట్టిలో అన్నం తెచ్చేది. లింగన్న దాన్ని తాడుకు కట్టి మూత సందులోంచి పాతరలోకి దించేవాడు. ఖాళీ చట్టి పైకి వచ్చేది. చట్టితోపాటు ఒక్కోసారి ఒక మాట వచ్చేది. "ఎద్దు మేత మేస్తందా అని అడుగుతున్నాడక్కా." "పులుసులో ఉప్పు మరిసావట." సూరమ్మ ఆ మాటలు పట్టుకుని ఇంటికి వెళ్ళేది. వాడు మరిచావన్న రోజున ఉప్పు మరిచిపోలేదని ఆమెకు తెలుసు. వాడు తల్లిని నవ్వించడానికి అన్నాడు.

ఉగాదికి రాజు గెలిచి తిరిగివచ్చాడు. పూలు జల్లారు. సూరమ్మ మంత్రిగారి దగ్గరకు వెళ్ళింది. "మంచిరోజు చూసి మనవి చేస్తాను" అన్నాడు ఆయన. సేనాని దగ్గరకు వెళ్ళింది. "మంత్రిగారు చెప్పాలి" అన్నాడు. గెలిచి వచ్చిన రాజుకు అపశకునాన్ని గుర్తు చేయడం ఎవరికి ఇష్టం? ఆ శకునం అబద్ధమైందని చెబితే రాజు మాట పొరపాటని చెప్పినట్టే కదా. ఎవరికి వారు, ఇంకెవరైనా చెబుతారులే అనుకున్నారు. అందులో పగ ఏమీ లేదు. తవిటయ్య మీద కోటలో ఒక్కరికి కూడా కోపం లేదు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. కొండ మీది నీళ్ళు కోట పెరటిలోంచి వాగులోకి పారాయి. ఒక ఉదయం సూరమ్మ వాకిటికి వచ్చేసరికి లింగన్న ఎదురు రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో నిన్నటి చట్టి, అందులో అన్నం అలాగే ఉంది.

"తాడు బరువు తగ్గలేదక్కా" అన్నాడు. "పిలిసాను. పలకలేదు."

"మూత తీసి సూడరా."

"మూత తియ్యాలంటే రాజుగారి మాట కావాల."

సూరమ్మ అక్కడ అరవలేదు. నూనె తీసుకుని గుడికి వచ్చింది. దీపంలో పోసింది. అమ్మవారి ఎదుట నిలబడింది. ఆ రోజు గుడిలో ఉన్న పూజారి బైరాగయ్య ఆమె మాటలు విన్నాడు. అవి ఆయన నోటినుంచే మనదాకా వచ్చాయి.

"నిన్ను వరాలడగనమ్మా. వదిలిపెట్టమని కూడా అడగను. ఉన్నాడో లేడో సూపించు, సాలు. నువ్వు లోపల కూకున్నావు. కత్తి పట్టుకుని, తలుపేసుకుని, రాజుగారి సీరలు కట్టుకుని. వాకిట్లో కూకుంటే ఎలాగుంటాదో నీకేటి తెలుసు?"

అలా అని బయటికి వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. కోటవైపు తిరిగి, చేయి కనుబొమల మీద పెట్టుకుంది. వాన పడుతూనే ఉంది. బైరాగయ్య ఇంటికి వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు. ఆయన గుడి తలుపు మూసుకుని వెళ్ళాడు.

తెల్లవారి వచ్చి చూస్తే తలుపు తెరిచి ఉంది. పీఠం మీద కత్తి ఒక్కటే ఉంది. అమ్మవారు గడప దాటి, మెట్టు మీద, సూరమ్మ పక్కన కూర్చుని ఉంది. నిలబడిన విగ్రహం కూర్చున్న విగ్రహమైంది. కత్తి పట్టిన చేయి కనుబొమల మీదికి వచ్చింది. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు.

బైరాగయ్య కేకలు వేశాడు. ఊరు పరుగెత్తుకు వచ్చింది. పదిమంది పట్టి ఎత్తబోతే విగ్రహం కదలలేదు. ఎడ్లను కట్టి లాగితే మోకులు తెగాయి. సూరమ్మ మాత్రం కొంచెం జరిగి అమ్మవారికి చోటిచ్చింది.

రాజు వచ్చాడు. పట్టుచీరలు పెట్టాడు. గుడికి బంగారు కలశం చేయిస్తానన్నాడు. అమ్మ లోపలికి రాలేదు. ఆనాటి రాత్రి ఆయనకు కల వచ్చింది. కలలో తలమీద నూనెకుండతో ఒక స్త్రీ కోట వాకిట ఎదురు వచ్చింది. "నాది ఒకటి నీ దగ్గర ఉంది. చూపించు" అన్నది.

రణకేసరి ఆలోచించాడు. రాజులు ఆలోచించినట్టే ఆలోచించాడు. అమ్మవారి నగ ఏదో కోట బొక్కసంలో కలిసిపోయిందనుకున్నాడు. బొక్కసమంతా మోయించి మెట్ల ముందు కుప్ప పోయించాడు. హారాలు, వడ్డాణాలు, గెలిచి తెచ్చిన కిరీటాలు. ఒక్కొక్కటే ఎత్తి అమ్మకు చూపించాడు. "ఇదా తల్లీ? ఇదా?" పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరంతా చూస్తోంది. కుప్ప పక్కనే సూరమ్మ కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

చివరకు రాజే విసుగుపడి, "ఈవిడ ఎవరు? ఎందుకిక్కడ కూర్చుంది?" అన్నాడు.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. సేనాని నడికట్టు సర్దుకున్నాడు. అప్పుడు జనంలోంచి లింగన్న ముందుకు వచ్చాడు. తలపాగా తీసి నేలమీద పెట్టాడు. ఈటె దాని పక్కన పెట్టాడు.

"మహాప్రభూ, తమరు దండయాత్రకెళ్ళిన నాడు నూనెకుండతో ఎదురొచ్చినోడి తల్లి ఈవిడ. తమరు సెప్పేదాకా మూసిపెట్టమన్నారు. తమరు మళ్ళీ సెప్పలేదు."

"నేనా?" అన్నాడు రాజు. "ఎవరిని?"

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే గుర్తు లేదు. ఆ 'ఎవరిని' అన్న మాట విని అప్పటిదాకా కదలని సూరమ్మ చేయి కనుబొమల మీది నుంచి జారి ఒళ్లో పడింది.

రాజు పరుగున వెళ్ళాడు. పాదరక్షలు లేకుండా, గొడుగు పట్టించుకోకుండా. కరువులో ధాన్యం పాతరలు తెరిపించిన రాజు ఈసారి తానే ఆ రాతి మూతకు భుజం ఇచ్చాడు. మూత పక్కకు జరిగింది.

లోపల మనిషి లేడు. వాన నీటికి పాతర గోడ ఒకవైపు విరిగి వాగులోకి తెరుచుకుని ఉంది. బురద. పొడిగా మిగిలిన మూలలో నూనెకుండ ఒకటి జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. మూతికి ఆకు కట్టి ఉంది. చుక్క ఒలకలేదు.

గోడ విరిగితే వాగు లాక్కుపోయిందా? విరిగిన గోడలోంచి బయటపడి, రాజభయంతో ఎటైనా వెళ్ళిపోయాడా? వాగు పొడుగునా వెతికారు. సముద్రందాకా మనుషులు వెళ్ళారు. బట్టపీలిక కూడా దొరకలేదు. పోయాడని చెప్పడానికి లేదు. ఉన్నాడని చెప్పడానికి లేదు.

రణకేసరి ఆ కుండను తానే తెచ్చి సూరమ్మ ముందు పెట్టాడు. తల్లికి చూపించడానికి ఆయన దగ్గర అదొక్కటే ఉంది. చిన్నప్పటి నుంచి కోరినది కోరినట్టు జరిగిన మనిషి. ఒక్కణ్ణి తెచ్చి చూపించడం ఆయన వల్ల కాలేదు.

భూములిస్తానన్నాడు. ఆమె వద్దంది. పాతరలోకి దించిన బంట్ల తలలు తీయిస్తానన్నాడు.

"ఆళ్ళకి అమ్మలు లేరేటి?" అంది సూరమ్మ.

రాజు మెట్టు కింద నేలమీద కూర్చున్నాడు. "అయితే నన్ను శిక్షించు" అన్నాడు.

"నువ్వు మరిసిపోయావు బాబూ. మరిసిపోయినోణ్ణి ఏటి సేత్తాం." మళ్ళీ తనే అంది. "ఆ రోజు ఒక్కలు అడిగుంటే నా కొడుకు ఇంటికొచ్చీవోడు. ఎందుకు, ఎన్నాళ్ళు అని. ఒక్కలు. నిన్ను అడిగీవోళ్ళు ఉండాల బాబూ. రేపు ఇంకొకత్తి నా పక్కన కూకోకుండా సూడు."

అంతకంటే ఆమె ఏమీ అనలేదు. ఆమె మాటల్లోంచి వచ్చిన కట్టడి ఇది. రాజు అమ్మవారి ఎదుట నిలబడి పలికాడు, ఊరు విన్నది:

"ఈ కోటలో ఎవరు ఎవరిని పట్టినా పొద్దు గుంకేలోపు ఈ వాకిటికి తేవాలి. పేరు చెప్పాలి. తప్పు చెప్పాలి. ఎన్నాళ్ళో చెప్పాలి. తల్లి చూడాలి. తల్లి లేనివాణ్ణి ఊరు చూడాలి. తప్పు చెప్పలేకపోతే అక్కడికక్కడే వదలాలి. ఈ మాట నా బంట్లకు ఉంది, నాకూ ఉంది, నా తరువాత ఆ గద్దె ఎక్కేవాడికీ ఉంది. దీన్ని వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదు."

రాజు నోట వచ్చి, రాజు తిరిగి తీసుకోలేని మాట నీలాడలో అదే మొదటిది.

ఇక లోపలికి రమ్మని బైరాగయ్య అమ్మవారికి హారతి పట్టాడు. అమ్మ కదలలేదు. చూపించమని అడిగినదాన్ని ఇంకా చూపించలేదు కదా.

సూరమ్మ బతికినన్నాళ్ళూ గానుగ తిప్పింది. పొద్దు వాలాక గంతలు విప్పి, వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. రణకేసరి కూడా అప్పుడప్పుడు వచ్చి కింది మెట్టు మీద కూర్చునేవాడట. ఆమె పోయాక ఆమె గానుగ రోలును గుడికి ఉత్తరాన పెట్టారు. ఇప్పుడు స్త్రీలు పసుపు రాసి నూనె పోసేది దానికే.

ఒక కట్టడి నిజంగా నిలిచిందా లేదా అన్నది దాన్ని చేసినవాడు పోయాక తెలుస్తుంది. రణకేసరి మనుమడు గద్దె ఎక్కాడు. పొగరుబోతు. తన గుర్రం చేలో పడితే అడ్డుకున్నాడని ఒక రైతును పట్టించి కోటలో పెట్టాడు. పొద్దు గుంకింది, వాకిటికి తేలేదు. కావలివాడు వెళ్ళి గుర్తు చేశాడు. "నూనె అమ్ముకునేదానికి మా తాత ఇచ్చిన మాట నాకేమిటి? రాజును అడిగేదెవరు?" అన్నాడు.

కావలివాడు ఈటె దించి, బయటికి నడిచి, గుడి మెట్ల దగ్గర కూర్చున్నాడు. చేయి కనుబొమల మీద పెట్టుకున్నాడు. రైతు తల్లి వచ్చి కూర్చుంది. గానుగవీధివారు గానుగలు ఆపి వచ్చారు. వంటవాళ్ళు వచ్చారు. మావటివాళ్ళు వచ్చారు. గుడి నుంచి కోట వాకిలి దాకా బాట నిండిపోయింది. ఎవరూ కేక వేయలేదు. రాయి విసరలేదు. అందరూ చేయి కనుబొమల మీద పెట్టుకుని కోటవైపు చూస్తూ కూర్చున్నారు.

చిన్నరాజు బురుజు ఎక్కి చూశాడు. తనను చూస్తున్న ఊరు. దీపం పెట్టేవారు లేక వెనక చీకటి పడిన కోట. తరువాత తానే రైతును వెంటబెట్టుకుని బాట మీద నడిచివచ్చాడు. పేరు చెప్పాడు. తప్పు చెప్పబోయాడు. చేలో పడింది తన గుర్రమే. "వదిలేస్తున్నాను" అన్నాడు. రైతు తల్లి కొడుకును తడిమి చూసుకుంది. "సిక్కిపోయావురా" అంది. వాడు కోటలో ఉన్నది ఒక్క పూట. జనం నవ్వారు. కొందరు ఏడ్చారు.

రాజులు పోయారు. కోట పోయింది. కట్టడి ఉంది.

ఇప్పటికీ ప్రతి విజయదశమి ఉదయం నీలాడలో ఈ తంతు జరుగుతుంది. ఆ ఏడు ఊరిమీద పెత్తనం ఎవరి చేతిలో ఉంటే వారు, సర్పంచి కానివ్వండి, ఠాణాకు పెద్ద కానివ్వండి, పెద్ద అధికారి కానివ్వండి, పాత ద్వారబంధాల మధ్య నుంచి బయలుదేరాలి. చెప్పులూ టోపీ అక్కడే విడవాలి. ఎదురుగా గానుగవీధి ఆడపడుచు ఒకామె నూనెకుండ ఎత్తుకుని వస్తుంది. ఆయన పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇవ్వాలి. నీలాడలో నూనెకుండ ఎదురైతే శుభం. పెళ్ళివారు కూడా కోరి ఎదురు రమ్మంటారు.

మెట్ల దగ్గరకు వచ్చాక ఆ వీధిలో పెద్దావిడ ఆయనను హోదాతో కాక ఇంట్లో పిలిచే పేరుతో, ఏకవచనంలో పిలిచి అడుగుతుంది: "ఎవరినైనా మూసిపెట్టావా? పెడితే సూపించు. ఏటి సేసాడో సెప్పు. ఎన్నాళ్ళో సెప్పు."

జవాబు చెప్పేదాకా హారతి ఇవ్వరు. కొందరు నవ్వుతూ చెబుతారు. కొందరు తడబడుతూ చెబుతారు. "మా అమ్మ తరువాత నన్ను ఇలా పిలిచింది మీరే" అన్నాడొకాయన. ఒక ఏడు ఒక అధికారి జవాబు చెప్పలేదు. పక్కకు వెళ్ళి ఎవరికో ఫోను చేసి వచ్చి, "సాయంత్రంలోగా చూపిస్తానమ్మా" అన్నాడు. చూపించాడు. ఆ ఏడు హారతి సాయంత్రమే ఇచ్చారు.

ఇక స్తంభాలకు కట్టిన గుడ్డల సంగతి. ఇంటి మనిషి ఎటు వెళ్ళాడో తెలియనివారు, ఎక్కడ ఉన్నాడో ఎవరూ చెప్పనివారు, ఆ మనిషి కట్టుకున్న బట్టలోంచి ఒక పీలిక చించి ఇక్కడ కడతారు. గంత కట్టడం అంటారు దీన్ని. ఎద్దు గంతలు నేనొచ్చి విప్పుతానని తవిటయ్య అన్నాడు కనుక, కట్టినవారు విప్పకూడదు. ఎవరి కోసం కట్టారో వారే వచ్చి విప్పుకోవాలి. అలా విప్పుకున్నవారు ఉన్నారు. ఉత్తరపు స్తంభం దగ్గర ఒక ముసలాయన తన చిన్ననాటి లాగూ గుడ్డను తానే విప్పుకుని, అమ్మ మోకాలికి తల ఆనించి ఏడ్చినరోజు ఊరు ఊరంతా వంట మానేసి వచ్చి చూసింది. విప్పనివి ఎక్కువ ఉన్నాయి. కొన్నిటి రంగు ఏమిటో ఇప్పుడు చెప్పలేము. దక్షిణపు స్తంభానికి నీలిగళ్ళ చొక్కా గుడ్డ ఒకటి ఉంది. అది ఇంకా కొత్తగానే ఉంది. ఎండకు వెలిసిపోలేదు.

పూజారులు వాటిని తీయరు. గాలికి ఊడినవాటిని మళ్ళీ ముడివేస్తారు.

ఈ కథ చదివినవారికి, విన్నవారికి దూరాన ఉన్న తమవారి కబురు తెలుస్తుందని నమ్మకం. మంచి కబురే కావాలని అమ్మను అడగకూడదంటారు. కబురు అడగాలి. తల్లులకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. అధికారంలో ఉన్నవారు ఈ కథ వింటే, అన్న మాట మరిచిపోకుండా ఉండే జ్ఞాపకం కలుగుతుంది.

గుడికి వచ్చేవారు నూనె తెచ్చుకుంటే చాలు. కొబ్బరికాయ కొట్టకపోయినా ఫరవాలేదు. అమ్మ పక్కన మెట్టు మీద ఒక మనిషికి సరిపడా చోటు ఉంటుంది. సూరమ్మ కూర్చున్న చోటు అది. ఎవరైనా కూర్చోవచ్చు, ఎంతసేపైనా. ఎవరూ లేవమనరు, ఎందుకు కూర్చున్నారని అడగరు.

గర్భగుడిని రోజూ కడుగుతారు. పీఠం తుడిచి ముగ్గు పెడతారు. దీపంలో నూనె పోస్తారు. రాత్రయినా తలుపు మూయరు. అమ్మ లోపలికి వెళ్ళే రోజు వస్తే లోపల అన్నీ సిద్ధంగా ఉండాలని.

ఇవాళ పొద్దున కూడా తుడిచారు. అమ్మ ఇంకా వాకిట్లోనే ఉంది.